సుగ్గికి వెళ్లే తల్లికి ఏ పద్ధతి? ఆదోని ప్రాంతం నుంచి ఒక ఇంప్లాంట్ కేస్ స్టడీ

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో సంక్రాంతి దాటితే కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి బయల్దేరతాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు పోయి, ఏప్రిల్ చివరికో ఉగాది తర్వాతో తిరిగొస్తాయి. ఆ మూడు నాలుగు నెలలు వాళ్లుండేది పొలం గట్టున వేసుకున్న గుడిసెలో. ఊళ్లో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి గుర్తుచేసే ఏర్పాటు అక్కడ ఉండదు. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కోసం ఏ పద్ధతి ఇవ్వాలన్న ప్రశ్న ఈ ప్రాంతంలో సగం ఈ వలస చుట్టూనే తిరుగుతుంది. ఇంప్లాంట్, అంటే చేయి చర్మం కింద పెట్టే గర్భనిరోధక కడ్డీ, పెట్టిన ఈ కేసును వివరంగా రాయడానికి కారణమూ అదే. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాం.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 22. కూలి పని. ఒకే కాన్పు, ఆగస్టులో సిజేరియన్, ఆడపిల్ల. మా దగ్గరికి వచ్చింది జూన్‌లో, బిడ్డకు పది నెలలప్పుడు. బిడ్డ తల్లిపాలు తాగుతూనే ఉంది, అన్నమూ తింటోంది. కాన్పు తర్వాత ఒక్కసారీ ముట్టు కాలేదు.

డిసెంబర్‌లో, బిడ్డ నాలుగో నెలలో, మూడు నెలలకొకసారి వేసే గర్భనిరోధక సూది అంతర ఒక డోసు వేయించుకుంది. రెండోది మార్చి మధ్యలో వేయించుకోవాలి. అప్పటికి సుగ్గిలో ఉంది. అంతర సూదిని గడువుకు రెండు వారాల ముందు నుంచి, గడువు దాటిన నాలుగు వారాల దాకా వేయవచ్చు. అంటే ఏప్రిల్ మధ్య వరకు వెసులుబాటు ఉంది. వాళ్లు ఊరు చేరింది ఏప్రిల్ ఆఖరున. కార్డు ఇంట్లో పెట్టెలోనే ఉండిపోయింది. ఆ ఊళ్లో ఆసుపత్రి ఎక్కడుందో తెలియదు, ఒక పూట పని మానితే మేస్త్రీ కూలి కోస్తాడు. ఆ తర్వాత నుంచి అప్పుడప్పుడు నిరోధ్, మిగతా రోజుల్లో ఏమీ లేదు.

"మల్లా సుగ్గికి పోయేలోపల ఏదన్నా చెయ్యండి మేడం. తేదీలు చూస్కునేదైతే నాతో కాదు" అన్నది ఆమె మాట. కౌన్సెలింగ్ మొత్తానికి ఈ ఒక్క వాక్యం చాలు. పద్ధతి మీద ఆమెకు అపనమ్మకం లేదు, సూది వల్ల ఇబ్బందీ పడలేదు. ఆమె బతుకుకు సరిపోనిది తేదీ.

ఎత్తు 150 సెం.మీ., బరువు 41 కిలోలు, బీపీ 108/70. హిమోగ్లోబిన్ 8.4, అంటే రక్తహీనత. కుట్టు బాగా మానింది. మూత్ర పరీక్షలో గర్భం లేదు. మూర్ఛకు గానీ క్షయకు గానీ మందులు వాడటం లేదు. ఆ రెండూ తప్పక అడగాలి, ఎందుకో కింద రాశాం. తలనొప్పి, కామెర్లు, రొమ్ములో గడ్డ, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటివేవీ లేవు.

మరో బిడ్డ కావాలా? కావాలి, కానీ ఈ పాప బడికి పోయే వయసు వచ్చాక. భర్తదీ అదే మాట. అత్తగారు మాత్రం మగపిల్లవాడి కోసం తొందర పడుతోంది. సిజేరియన్ అయిన గర్భసంచికి, 8.4 హిమోగ్లోబిన్ ఉన్న ఒంటికి వెంటనే ఇంకో గర్భం మంచిది కాదు. ఒక కాన్పుకూ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం రెండేళ్ల ఎడం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఎడం తక్కువైతే పాత కుట్టు విడిపోయే ప్రమాదం, నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు బిడ్డ వంటి సమస్యలు పెరుగుతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఎడం కోసం వాడే పద్ధతులకు అలవాటు తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఇద్దరు పిల్లలు పుట్టేదాకా ఏమీ వాడరు, పుట్టగానే ఆపరేషన్ చేయించుకుంటారు. ఆ రెండు కాన్పుల మధ్య కాలాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈమె సరిగ్గా ఆ కాలంలోనే ఉంది.

పద్ధతులను ఆమె బతుకుతో పోల్చి చూస్తే

ముందుగా అందరూ అడిగేది ఏది ఎంత నమ్మకమైనదని. మామూలుగా జనం వాడే తీరులో ఏడాదికి నూరు మందిలో గర్భం వచ్చేది నిరోధ్‌తో 13 మందికి, రోజూ వేసుకునే మాత్రలతో ఏడుగురికి, అంతర సూదితో నలుగురికి, కాపర్ టీతో ఒకరి కన్నా తక్కువ మందికి. ఇంప్లాంట్‌తో వెయ్యి మందిలో ఒకరికి. ఏమీ వాడకపోతే నూటికి 85 మందికి.

ఈ అంకెల పక్కన ఇంకో వరుస కూడా చూడాలి. ఒక్క తేదీ, ఒక్క మాత్ర తప్పకుండా వాడితే సూదితో గర్భం వచ్చేది వెయ్యి మందిలో ఇద్దరికి, మాత్రలతో ముగ్గురికి. మందులో లోపం లేదన్నమాట. సూదితో నూరు మందిలో నలుగురికీ, వెయ్యి మందిలో ఇద్దరికీ మధ్య ఉన్న తేడా అంతా తప్పిన తేదీలది, అయిపోయిన స్టాకుది, మూసి ఉన్న ఉపకేంద్రానిది. ఇంప్లాంట్‌కు, కాపర్ టీకి ఆ తేడా దాదాపు లేదు. పెట్టాక ఆమె చేయాల్సిన పని ఉండదు కాబట్టి.

అంతర సూదిని మళ్లీ మొదలుపెట్టడం తేలికే. డిపో మెడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ 150 మి.గ్రా., మూడు నెలలకు ఒకటి, కండకు వేస్తారు. పాలిచ్చే తల్లికి ఆరు వారాల తర్వాత ఇబ్బంది లేదు. చాలామందికి ముట్టు ఆగిపోతుంది కనుక రక్తహీనతకు మేలే. జూన్‌లో వేస్తే సెప్టెంబర్, డిసెంబర్, మళ్లీ మార్చి. ఆ మార్చి మళ్లీ మిరప చేలోనే. కార్డు వెంట తీసుకెళ్లి అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేయించుకోవచ్చని చెప్పాం. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. సూది మానేశాక గర్భం రావడానికి ఆలస్యమవుతుంది. ఆఖరి సూది నుంచి లెక్కేస్తే సగం మందికి పది నెలల దాకా పట్టవచ్చు. అత్తగారు తొందరపెడుతున్న ఇంట్లో ఆ పది నెలలు కోడలికి నిందలు పడే నెలలు.

ఛాయా మాత్ర మన దేశంలోనే, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన సెంట్‌క్రోమన్, 30 మి.గ్రా. హార్మోన్ కాదు, పాలకు అడ్డం రాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒకసారి. ఆదివారం అని గుర్తుపెట్టుకోగలిగేవాళ్లకు మంచి పద్ధతి. సుగ్గిలో ఆదివారమూ సోమవారమూ ఒకటే. రోజూ వేసుకునే, ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉన్న మాత్ర మాలా-ఎన్ సంగతి చెప్పనక్కర్లేదు. పాలిచ్చే తల్లికి ఆరు నెలల లోపు ఇవ్వకూడదు, ఈమెకు ఆ గడువు దాటింది గానీ రోజూ గుర్తుంచుకోవాలి. నిరోధ్‌ను ఏ పద్ధతికైనా తోడుగా ఉంచాలి, ఎందుకంటే సుఖవ్యాధుల నుంచి, హెచ్ఐవీ నుంచి కాపాడేది అదొక్కటే.

కాపర్ టీ విషయంలో కాస్త ఆగాలి. 380ఎ రకం పదేళ్లు పనిచేస్తుంది, హార్మోన్ లేదు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, తీస్తే వెంటనే గర్భం నిలిచే వీలుంటుంది. సిజేరియన్ సమయంలోనే పెట్టి ఉంటే ఈ కేసు మా దాకా వచ్చేదే కాదు. అలా పెట్టించుకునే అవకాశం గురించి కాన్పుకు ముందే, గర్భిణీగా చెకప్‌లకు వచ్చినప్పుడే చెప్పాలి. నొప్పులు మొదలయ్యాక అడిగితే ఎవరూ వినే స్థితిలో ఉండరు. ఇక ఇప్పుడు, మొదటి కొన్ని నెలలు ముట్టు రక్తం ఎక్కువ పోవడం, నొప్పి ఉండటం కాపర్ టీ స్వభావం. రక్తహీనత ఉన్నంత మాత్రాన కాపర్ టీ కుదరదని కాదు, ఐరన్ ఇస్తూ పెట్టవచ్చు. కానీ 8.4 మీద ఇంకాస్త రక్తం పోయే పద్ధతి మా మొదటి ఎంపిక కాదు. అదీకాక "లూపు పైకి పోతాది, మా వదినకు పోయింది" అని ఆమె గట్టిగా వద్దంది. హార్మోన్ ఉన్న లూపు, అంటే లెవోనార్జెస్ట్రెల్ 52 మి.గ్రా. రకం, రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది. ఈమెకు శాస్త్రపరంగా అది చాలా మంచి పద్ధతి. కానీ ఖరీదు ఎక్కువ, పైగా లోపల పరీక్షకు ఆమె ఒప్పుకోలేదు. అలా ఒప్పుకోని మనిషిని బలవంతపెట్టకూడదు.

మిగిలింది ఇంప్లాంట్. 4 సెం.మీ. పొడవు, 2 మి.మీ. మందం, అగ్గిపుల్లంత ఉండే మెత్తటి కడ్డీ. అందులో ఎటోనోజెస్ట్రెల్ 68 మి.గ్రా. ఎక్స్‌రేలో కనబడేందుకు బేరియం సల్ఫేట్ కలిపి ఉంటుంది. మొదటి వారాల్లో రోజుకు 60–70 మైక్రోగ్రాములు, మూడో ఏడాది చివరికి 25–30 మైక్రోగ్రాములు విడుదలవుతుంది. అండం విడుదల కాకుండా ఆపడం ముఖ్యమైన పని. గర్భాశయ ముఖద్వారపు జిగురును చిక్కబరచడం రెండోది. ఈస్ట్రోజెన్ లేదు కనుక పాలిచ్చే తల్లికి, బీపీ ఉన్నామెకు, రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నామెకు కూడా ఎక్కువగా సరిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 2023లో దీన్ని కొన్ని రాష్ట్రాల్లో ఎంపిక చేసిన జిల్లాల్లో ప్రవేశపెట్టింది. అన్నిచోట్లా దొరకదు, ముందుగా అడిగి తెలుసుకోవాలి.

ఎవరికి పెట్టకూడదు? రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకు అసలే వద్దు. కారణం తేలని రక్తస్రావం ఉంటే ముందు కారణం తేల్చాలి. కాలేయం బాగా దెబ్బతిన్నా, కాలేయంలో కణితి ఉన్నా వద్దు. మూర్ఛకు ఫెనిటోయిన్, కార్బమాజెపిన్, ఫెనోబార్బిటోన్ వాడేవాళ్లకు, క్షయకు రిఫాంపిసిన్ వాడేవాళ్లకు ఈ మందులు కాలేయంలో హార్మోన్‌ను త్వరగా కరిగించేస్తాయి, రక్తంలో మోతాదు పడిపోతుంది. వాళ్లకు అంతర సూదో కాపర్ టీయో మేలు. క్షయ మందు మధ్యలో మొదలైతే వచ్చి చెప్పాలని పెట్టిన రోజే చెప్పాలి. మనం అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. క్షయ మందుకూ చేతిలోని కడ్డీకీ సంబంధం ఉంటుందని వాళ్లకు తట్టదు.

పెట్టకముందు చెప్పాల్సింది

ఇంప్లాంట్ కేసులు చెడేది ఎక్కువగా ఇక్కడే. చేతి పని బాగానే ఉంటుంది, మాట సరిపోదు.

ముట్టు ఎలా మారుతుందో ముందే చెప్పాలి, మెత్తగా కాదు, ఉన్నదున్నట్టు. 11 ట్రయల్స్‌లోని 923 మంది వివరాలు కలిపి చూసినప్పుడు, ఏ మూడు నెలల కాలం తీసుకున్నా సుమారు 22 శాతం మందికి రక్తం అసలు కనబడలేదు, 34 శాతం మందికి ఎప్పుడో ఒకసారి కనబడింది, 18 శాతం మందికి ఎక్కువ రోజులు సాగింది, 7 శాతం మందికి మాటిమాటికీ కనబడింది. నష్టపోయే రక్తం మామూలు ముట్టు కంటే తక్కువే, కానీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. మొదటి మూడు నెలలు నెమ్మదిగా ఉన్నవాళ్లకు తర్వాతా అలాగే ఉండే అవకాశం ఎక్కువ. మొదట్లో ఇబ్బంది పడ్డవాళ్లలో దాదాపు సగం మందికి తర్వాత తగ్గుతుంది.

మన ఊళ్లలో ఇది వైద్య సమస్య మాత్రమే కాదు. ముట్టయితే బయట ఉండాల్సిన ఇల్లయితే, రెండు చుక్కలు కనబడినా ఆ రోజు వంటింట్లోకి పోకూడదు, గుళ్లోకి పోకూడదు. పన్నెండు రోజులు మచ్చ కనబడితే పన్నెండు రోజులూ బయటే. అందుకే "మీ ఇంట్లో ముట్టు పాటిస్తారా?" అని అడుగుతాం. పాటిస్తారంటే అత్తగారికి కూడా ఈ విషయం తెలిసేట్టు ఏర్పాటు చేస్తాం, కోడలు ఒప్పుకుంటేనే.

రెండోది, ఎప్పుడు తీయమంటే అప్పుడు తీస్తామని చెప్పడం, అలాగే తీయడం. "ఇంకో మూడు నెలలు చూడు" అని ఒకసారి సలహా ఇవ్వవచ్చు, రెండోసారి ఆమె అడిగితే తీయాల్సిందే. ఈ విషయంలో మనకు పాత గాయం ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని ప్రయోగాత్మకంగా ఇవ్వబోయినప్పుడు, అది ప్రయోగమన్న సంగతి అక్కడికొచ్చిన ఆడవాళ్లకు సరిగా చెప్పలేదని హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం బయటపెట్టింది. 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ సూది ప్రభావమైనా రెండు నెలలకు పోతుంది. కడ్డీని ఆమె తనంతట తాను తీసుకోలేదు, మన దగ్గరికి రావాల్సిందే. కాబట్టి తీసే చేయి, తీసే సామాను లేని చోట పెట్టే పని మొదలుపెట్టకూడదని మా గట్టి అభిప్రాయం.

మూడోది, బరువు, మొటిమలు, తలనొప్పి, రొమ్ముల సలపరం కొందరికి రావచ్చు. నాలుగోది, పాల మీద ప్రభావం. పాలలోకి చాలా కొద్ది మోతాదులో చేరుతుంది, బిడ్డ ఎదుగుదలలో తేడా కనబడలేదు. పాలు తగ్గుతాయన్న భయం మన దగ్గర బాగా ఉంది గనుక ఈ మాట వదలకుండా చెప్పాలి.

పెట్టిన తీరు

గర్భం లేదని నిర్ధారించుకోవడమే ముందు పని. ముట్టు వచ్చేవాళ్లయితే మొదటి అయిదు రోజుల్లో పెడితే ఇంకేమీ అక్కర్లేదు. ఈమెకు ముట్టు లేదు, పది రోజుల కిందట కలయిక జరిగింది. పది రోజులకు మూత్ర పరీక్షలో తేలకపోవచ్చు. ఇలాంటప్పుడు రెండు దారులు: మూడు నాలుగు వారాలు నిరోధ్ వాడి మళ్లీ రమ్మనడం, లేదా అదే రోజు పెట్టి ఏడు రోజులు నిరోధ్ వాడమని చెప్పి నాలుగు వారాల తర్వాత పరీక్ష మళ్లీ చేయడం. ఒకవేళ అప్పటికే గర్భం ఉన్నా, ఈ హార్మోన్ వల్ల బిడ్డకు హాని జరిగిందన్న ఆధారం లేదు. మళ్లీ రమ్మంటే నాట్ల పనుల్లో పడి రాదని ఆమే చెప్పింది. రెండో దారి తీసుకున్నాం.

కుడిచేతి వాటం కనుక ఎడమ చేయి. పడుకోబెట్టి మోచేయి వంచి, చేయి తల కిందికి వచ్చేలా పెట్టించాం. చేయి ఇలా ఉంటేనే అల్నార్ నరం పెట్టే చోటు నుంచి పక్కకు తొలగుతుంది. మోచేతి లోపలి ఎముక బొడిపె నుంచి భుజం వైపు 8–10 సెం.మీ., అక్కడి నుంచి రెండు కండల మధ్య గాడికి కింద, వెనక వైపుకు 3–5 సెం.మీ. దూరంలో ఒక గుర్తు. ఆ గుర్తు నుంచి భుజం వైపు 5 సెం.మీ. దగ్గర రెండో గుర్తు, సూది పోవాల్సిన దిశ కోసం. గాడిలోనే పెడితే కింద రక్తనాళాలు, నరాలు ఉంటాయి. పాత పద్ధతిలో గాడి దగ్గరే పెట్టేవారు, దాన్ని మార్చింది ఇందుకే.

సన్నటి చేయి. 41 కిలోల మనిషికి చర్మం కింద కొవ్వు ఎంతో ఉండదు. సూది కొంచెం వంగినా కండలోకి దిగిపోతుంది. లావుపాటి చేతుల్లో లోతుకు పోతుందని అందరూ భయపడతారు గానీ, ప్రమాదం సన్నటి చేతుల్లోనే ఎక్కువ.

బెటాడిన్‌తో శుభ్రం చేసి, 1 శాతం లిగ్నోకెయిన్ 2 మి.లీ. చర్మం కిందుగా, కడ్డీ పోయే దారి పొడవునా వేశాం. అప్లికేటర్ (కడ్డీ నింపి వచ్చే సూది పరికరం) మూత తీశాక సూది మొనలో తెల్లటి కడ్డీ కొస కనబడాలి. కనబడకపోతే ఆ అప్లికేటర్ వాడకూడదు. ఊదా రంగు స్లైడర్‌ను ఇప్పుడు ముట్టుకోకూడదు, చేయి తగిలి కదిలితే కడ్డీ బయటికి వచ్చేస్తుంది.

చర్మాన్ని బొటనవేలితో బిగించి, 30 డిగ్రీల కన్నా తక్కువ వాలుతో మొన గుచ్చాం. మొన చర్మం దాటగానే అప్లికేటర్‌ను అడ్డంగా పడుకోబెట్టి, సూది మొనతో చర్మాన్ని పైకి లేపుతూ తోయాలి. ఈ లేపడమే అసలు కిటుకు. చర్మం గుడారంలా లేచి, సూది ఎక్కడుందో పైనుంచి స్పష్టంగా కనబడుతూ ఉండాలి. కనబడలేదంటే లోతుకు పోయినట్టే, వెనక్కు లాగి మళ్లీ పోవాలి. కూర్చుని, చేతిని పక్క నుంచి చూస్తూ చేయాలి. నిలబడి పైనుంచి చూస్తే లోతు తెలియదు. సూది మొత్తం లోపలికి పోయాక, అప్లికేటర్‌ను కదలనివ్వకుండా పట్టుకుని, స్లైడర్‌ను కొద్దిగా కిందికి నొక్కి, ఆగేదాకా వెనక్కు లాగాలి. సగం పోయినప్పుడే లాగితే కడ్డీ కొస చర్మంలోంచి పొడుచుకొస్తుంది. అప్పుడు దాన్ని తీసేసి కొత్తది పెట్టాలి.

ఆ తర్వాత రెండు కొసలూ వేళ్లతో తడిమి చూశాం, ఆమె చేత కూడా తడిమించాం. ఇది మర్యాదకు చేసే పని కాదు. చేతికి తగలని కడ్డీ అంటే లోతుకు పోయిన కడ్డీ, లేదా అసలు లోపలికి పోనే పోని కడ్డీ. తగలకపోతే అప్లికేటర్‌లో కడ్డీ మిగిలిందేమో చూసి, ఎక్స్‌రే గానీ 10 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో అల్ట్రాసౌండ్ గానీ చేయించి, తేలేదాకా నిరోధ్ వాడమనాలి. చేతిలో ఎక్కడా కనబడకపోతే ఛాతీ ఎక్స్‌రే కూడా తీయాలి. చాలా అరుదుగా రక్తనాళంలోకి దిగి ఊపిరితిత్తి వైపు పోయిన కేసులు ఉన్నాయి.

చిన్న ప్లాస్టర్, దానిపైన 24 గంటలు బిగించి కట్టు. లోపలి ప్లాస్టర్ మూడు నుంచి అయిదు రోజులు. రెండు రోజులు ఆ చేత్తో బరువు ఎత్తొద్దని చెప్పాం. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే, చేతిలో షాక్ కొట్టినట్టుంటే ఆలస్యం చేయకుండా రావాలి. కార్డు రెండు కాపీలు రాసి, ఒకటి ఆధార్ కార్డు పెట్టుకునే కవర్‌లోనే పెట్టించాం. సుగ్గికి పోయేటప్పుడు ఆ కవర్ ఎవరూ మరచిపోరు.

తర్వాత ఏం జరిగింది

మూడో రోజు కమిలిన మచ్చ తప్ప ఏమీ లేదు. నాలుగో వారం మూత్ర పరీక్షలో గర్భం లేదు. ఆరో వారం చివర్లో వచ్చింది. గడిచిన 28 రోజుల్లో 16 రోజులు రక్తం కనబడింది. తక్కువే, కానీ రోజూ. పది నెలలుగా ముట్టు లేని మనిషికి ఇది పెద్ద తేడా.

ఇలాంటప్పుడు నేరుగా మందు రాయకుండా నాలుగు చూడాలి: కడ్డీ చేతికి తగులుతోందా, గర్భం లేదు కదా, గర్భాశయ ముఖద్వారంలో ఇన్ఫెక్షన్ ఉందా, కొత్త మందులేమైనా మొదలయ్యాయా. ఇంప్లాంట్ ఉండగా గర్భం రావడం చాలా అరుదు. వస్తే మాత్రం ట్యూబులో నిలిచిందేమో ముందు చూడాలి. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి ఉందా అని అడిగేది అందుకే. ఈమెలో ఇవేవీ లేవు. లోపల పరీక్షకు ఈసారి ఒప్పుకుంది. హిమోగ్లోబిన్ 9.2, ఐరన్ మాత్రలు వేసుకుంటోంది.

మెఫెనమిక్ ఆమ్లం 500 మి.గ్రా. పూటకొకటి, రోజుకు రెండు, తిన్నాక, అయిదు రోజులు ఇచ్చాం. నాలుగో రోజుకు ఆగింది. పది రోజుల తర్వాత మళ్లీ కొద్దిగా కనబడింది, అదే కోర్సు ఇంకోసారి వాడింది. దీనికి లొంగకపోతే, ఈస్ట్రోజెన్ సరిపడేవాళ్లకు మాలా-ఎన్ లాంటి మాత్రలు 21 రోజులు ఇవ్వవచ్చు. మందు ఆపితే చాలామందికి రక్తం మళ్లీ కనబడుతుంది. దాన్ని వైఫల్యంగా చూడకూడదు, సర్దుకునేదాకా కాలం గడపడమే ఈ మందుల పని. ఆ మాట ఆమెకు ముందే చెప్పాం.

నాలుగో నెలలో అత్తగారితో కలిసి వచ్చింది. అత్తగారికి రెండు ప్రశ్నలు. కడ్డీ ఒంట్లో కరిగి గుండెకు పోతుందా? తీసేశాక పిల్లలు పుట్టరా? కోడలి చేతి మీద కడ్డీని ఆమె వేలితోనే తడిమించాం. పెట్టిన చోటే ఉందని, కరిగేది కాదని చూపించాం. తీసిన వారంలోపే మందు రక్తంలో కనబడనంతగా పోతుందని, చాలామందికి కొద్ది వారాల్లోనే అండం విడుదలవుతుందని చెప్పాం. ఆమె అభ్యంతరం అక్కడ ఆగింది. గర్భనిరోధకాల మీద ఇంట్లో పెద్దవాళ్ల వ్యతిరేకత చాలాసార్లు ఇలా ఒకటి రెండు స్పష్టమైన భయాల రూపంలో ఉంటుంది. వాటిని వింటే తేలిపోతాయి.

జనవరిలో సుగ్గికి పోయింది. ఏప్రిల్‌లో తిరిగొచ్చి పరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 10.9, బరువు 43 కిలోలు. అక్కడున్న మూడు నెలల్లో రక్తం కనబడింది ఆరు రోజులు మాత్రమే. కడ్డీ కోసం ఒక్క పూట కూడా పని మానలేదు.

తీయడం

28వ నెలలో, అక్టోబర్‌లో, రెండో బిడ్డ కోసం తీయమని వచ్చింది. అప్పటికి పాపకు మూడేళ్లు దాటాయి. హిమోగ్లోబిన్ 11.4.

పెట్టేటప్పటి లాగే చేయి పెట్టించి, భుజం వైపు కొసను వేలితో కిందికి నొక్కితే మోచేతి వైపు కొస చర్మం మీద ఉబ్బుతుంది. ఉబ్బిన కొసకు కిందుగా లిగ్నోకెయిన్ 0.5–1 మి.లీ. వేయాలి. పైన వేస్తే చర్మం వాచి కడ్డీ కొస కనబడకుండా పోతుంది. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ ఒక్క చోటే. చేయి పొడవు దిశలో 2 మి.మీ. కోత. అడ్డంగా కోస్తే మచ్చ పెద్దదవుతుంది, నరాలకు తగిలే ప్రమాదమూ ఎక్కువ.

కడ్డీని కోత వైపు నెడితే చాలాసార్లు దానంతటదే బయటికొస్తుంది. ఈమెకు రాలేదు, చుట్టూ తెల్లటి పొర గట్టిగా ఏర్పడింది. ఆ పొరను బ్లేడు మొనతో కడ్డీ పొడవునా మెల్లగా గీకి, కొస బయటపడ్డాక సన్నటి పట్టకారు లాంటి వంపు మస్కిటో ఫోర్సెప్స్‌తో పట్టి లాగాం. బయటికి తీశాక స్కేలు పెట్టి కొలిచాం, 4 సెం.మీ. పూర్తిగా ఉంది. తక్కువ వస్తే ముక్క లోపల ఉన్నట్టు, అది కూడా తీయాలి. కుట్టు అక్కర్లేదు, ప్లాస్టర్ పట్టీ, కట్టు చాలు.

చేతికి తగలని కడ్డీని వెతుకుతూ కోయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. అల్ట్రాసౌండ్‌లో ఎక్కడుందో, ఎంత లోతుందో గుర్తు పెట్టించి, అలాంటివి తీసిన అనుభవం ఉన్న సర్జన్ దగ్గరికి, కర్నూలు పెద్దాసుపత్రి లాంటి చోటికి పంపాలి.

అదే రోజు ఫోలిక్ ఆమ్లం 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టాం, ఐరన్ కొనసాగించమన్నాం. కడ్డీ తీసిన నాలుగో నెలలో నెల తప్పింది. పాత సిజేరియన్ గనుక మొదటి చెకప్‌లోనే కాన్పు ఎక్కడన్నది రాసిపెట్టాం. కాన్పు నెల లెక్కేస్తే ఈసారి సుగ్గికి ఆమె పోదని ఇంట్లో అనుకున్నారు.

ఈ కేసు తర్వాత ఇంప్లాంట్ రిజిస్టర్‌లో ఒక గడి పెంచాం: వలస నెలలు. కడ్డీ గడువు మూడేళ్లు. అంతకు మించి కూడా పనిచేస్తుందని పరిశోధనలు చూపాయి గానీ, కార్డు మీద రాసిన గడువునే మేం పాటిస్తాం. ఆ గడువు జనవరి–ఏప్రిల్ మధ్య పడేవాళ్ల పేర్లను నవంబర్‌లోనే ఆశా కార్యకర్తకు ఇస్తాం. డిసెంబర్‌లో వచ్చి పాతది తీయించుకుని, కావాలంటే అదే కోతలోంచి కొత్తది పెట్టించుకుని వెళ్లవచ్చు. అంతర సూది వాడేవాళ్లకూ ఇదే పద్ధతి పెట్టాం. బయల్దేరే ముందు, గడువుకు రెండు వారాల ముందు దాకా ఉన్న వెసులుబాటును వాడుకుని సూది వేసేస్తున్నాం. అప్పుడు తర్వాతి సూది గడువు, ఆపైన నాలుగు వారాలు కలిపితే, చాలామందికి ఊరు చేరాకే వస్తోంది.